ఈలక్క లేని గదిలో పాట

ఆ పెద్దాసుపత్రి లాండ్రీలో ఈలక్క సెలవు పెట్టిన సంగతి మంచాలను చూస్తే తెలిసిపోయేది. మధ్యాహ్నానికల్లా దుప్పట్లు లేని మంచాలు, గలీబులు లేని దిండ్లు, "ఇంకా రాలేదా?" అంటూ వరండాలోకి తొంగిచూసే నర్సులు. ఒకసారి ఆవిడ పన్ను పీకించుకోవడానికని పూట సెలవు తీసుకుంటే, ఆపరేషన్ థియేటరుకు చేరవలసిన ఆకుపచ్చ గౌన్లు ప్రసూతి వార్డుకు చేరాయి. పెద్ద సర్జను గారు శుభ్రంగా చేతులు కడుక్కుని, ఆ తడి చేతులను ఎత్తి పట్టుకుని, గౌను కోసం గుమ్మంలో కొయ్యబొమ్మలా నిలబడిపోయారు. కబురందుకున్న ఈలక్క వాచిన బుగ్గతోనే పరుగున వచ్చింది. మెళ్ళో వేలాడే ఉక్కు ఈల తీసి ఊదింది. అంతే, ఎక్కడి బండి అక్కడికి తిరిగింది, ఏ గౌను ఎవరిదో వాళ్ళకు చేరింది.

"ఈవిడ లేకపోతే మన లాండ్రీ నడవదయ్యా!" అన్నారు అప్పటి సూపరింటెండెంటు, పదిమందీ వింటుండగా.

ఆ మాటను ఈలక్క బిరుదులా దాచుకుంది. ఎవరైనా అలాగే దాచుకుంటారు. మన కార్యాలయాల్లో అంతకు మించిన మెచ్చుకోలు మరొకటి లేదు కనుక. నిజానికి అది మెచ్చుకోలు కాదు, అభియోగం. ఒక మనిషి పన్ను నొప్పితో పాటు ఆగిపోయేదాన్ని విభాగం అనరు, అనాథ అంటారు. ఆ అభియోగం మోయవలసింది విభాగాన్ని ఆ గతికి తెచ్చిన పెద్దలు. కానీ వాళ్ళు దాన్ని ఎంతో దయగా తీసి ఈలక్క మెడలో వేశారు, ఆవిడా తల వంచి వేయించుకుంది.

పుట్టుకతో ఎవరూ ఈలక్క కారు. కొత్త కోడలిగా ఉన్న రోజుల్లో మడతల బల్ల దగ్గర చేరినప్పుడు, ఆవిడ గొంతు పక్కన నిలబడ్డవాళ్ళకే వినిపించేది కాదట. చెయ్యి మాత్రం మాట్లాడేది. ఆవిడ విదిలిస్తే దుప్పటి గాలిలో ఒక్కసారి లేచి, బల్ల మీద దిగేసరికి నాలుగు మూలలూ కలిసిపోయి ఉండేవి. భర్తది గడియారాల మరమ్మతు. చీమ నడిస్తే వినిపించే కొట్టు ఆయనది; పక్కవాడు అరిచినా వినిపించని లాండ్రీ ఆవిడది. ఉతికే యంత్రాల గిరగిర, ఆరబెట్టే డ్రమ్ముల దడదడ, మనిషంత పొడవున్న ఇస్త్రీ రోలరు బుసబుస, తోపుడుబళ్ళ కీచుకీచు, వీటన్నిటి మధ్య నోటిమాటకు విలువేముంది? అందుకని మడతల బల్లకు పెద్ద అయిన మర్నాడే ఆవిడ ఆటల మైదానంలో వాడే ఈల ఒకటి కొనుక్కుంది. సాగదీసి ఊదితే ఉతుకుడు వాళ్ళకు, తెంపితెంపి ఊదితే బళ్ళ వాళ్ళకు, ఎగదీసి ఊదితే ఇస్త్రీ వాళ్ళకు. ఈల మోగితే పని మొదలు, ఈల మోగితే పని బందు. క్రమంగా మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశారు, ఈల కోసమే చెవులు అట్టేపెట్టుకున్నారు. పక్క బల్ల మీద ఏం జరుగుతోందో చూడవలసిన అవసరం ఎవరికీ లేకపోయింది. చూడటానికి ఈలక్క ఉంది కదా!

పాత ఇన్‌ఛార్జి పదవీ విరమణ చేశాక ఆ కుర్చీలో ఈలక్కను "తాత్కాలికంగా" కూర్చోబెట్టారు. మన కాగితాల మీద ఆ మాటకు వయసు ఉండదు. ఎప్పటికీ పెరగని పిల్లలా అది ప్రతి ఉత్తర్వులోనూ అలాగే కనిపిస్తూ ఉంటుంది. చివరికి ఆసుపత్రికి కొత్త భవనం లేచింది, మంచాలు రెట్టింపు కాబోతున్నాయి, ఇన్‌ఛార్జి పదవిని స్థిరం చేయాలనే నిర్ణయం వచ్చింది. ఇంటర్వ్యూ ఉంటుందన్నారు. ఈలక్కనే స్థిరపరచాలా, లేక బయటనుంచి పట్టా ఉన్న మనిషిని తేవాలా అన్నది అక్కడ తేలుతుంది. బయటి మనిషి వస్తే ఈలక్క తిరిగి మడతల బల్ల దగ్గరికి పోవాలి. వచ్చినవాడికి ఏ బండి ఎటు పోతుందో నేర్పవలసిందీ తనే.

"నేను లేకపోతే నడవదని వాళ్ళే అన్నారు. ఇంకెవర్ని పెడతారు?" అంది ఈలక్క, ఇంట్లో.

"అదీ నిజమే," అన్నాడు భర్త, కంటికి భూతద్దం తగిలించుకునే. "నువ్వు లేకపోతే నడవనిది ఏదైనా ఉంటే వెంటనే మరమ్మతుకు ఇచ్చెయ్యాలి."

"మీకేం తెలుసు? మీ ముళ్ళు జీతమడగవు."

ఇక్కడ ఆ ఆసుపత్రి శిక్షణల చరిత్ర కొంత చెప్పుకోవాలి. ఏడాదికోసారి అధికారులందరూ కార్లెక్కి, చెరువు కనిపించే హోటలుకు వెళ్ళేవారు. వెళ్ళేముందు వచ్చే ఉత్తర్వు అక్షరం పొల్లుపోకుండా ఇలా ఉండేది: "నాయకత్వ సామర్థ్యముల పెంపుదల నిమిత్తము విభాగాధిపతులు యావన్మందియు తప్పక హాజరు కావలెను." యావన్మంది అంటే లాండ్రీ కాదు. అక్కడ ఎవరో వచ్చి గోడ మీద వెలుగు బొమ్మలు చూపించేవారు: పిరమిడ్లు, బాణాలు, పైన నవ్వుతున్న ఒక సూటుబూటు మనిషి. మధ్యాహ్నం కడుపునిండా భోజనం, సాయంత్రం బంగారు అంచు ధ్రువపత్రం. తిరిగొచ్చి అదే కుర్చీలో, అదే ధోరణిలో, అదే బల్ల గుద్దుడు. నాయకత్వమనేది గోడ మీద చూసి నేర్చుకునేదే అయితే సున్నం వేసేవాళ్ళందరూ ఈపాటికి దేశాధినేతలై ఉండాలి.

కొత్త సూపరింటెండెంటు ఆ ఏడు హోటలు రద్దు చేశాడు. అధికారులు మొహాలు వేలాడేసుకున్నారు. అంతటితో ఆగాడా? శిక్షణ లాండ్రీతోనే మొదలుపెట్టమని పాటల పంతులమ్మను పిలిపించాడు!

ఆవిడ ఒకప్పుడు ఆయనకు బడిలో పాట నేర్పింది. పదవీ విరమణ తర్వాత ఊరుకోలేక, కర్మాగారాల్లోనూ కార్యాలయాల్లోనూ మనుషుల్ని పోగేసి బృందగానం చేయిస్తోంది. పాటతో, నాటకంతో, బొమ్మలతో మనుషులు కలిసి నేర్చుకుంటే సంస్థ బాగుపడుతుందని ఆవిడ పట్టుదల. పొట్టి మనిషి, తెల్లటి జుట్టు, భుజాన గుడ్డ సంచి. లాండ్రీలోకి అడుగుపెట్టగానే వెంట వచ్చిన సూపరింటెండెంటును అందరి ముందూ చూపించి, "వీడికి శ్రుతి ఎప్పుడూ కుదిరేది కాదర్రా. అయినా మానలేదు. అదొక్కటే వీడి సుగుణం," అంది. ఇస్త్రీ రోలరు దగ్గర నవ్వు పొంగింది. సూపరింటెండెంటు చెవులు ఎర్రబడ్డాయి.

అప్పుడు ఆవిడ కళ్ళు ఈలక్క మెడ మీద పడ్డాయి. "అమ్మాయ్, మెళ్ళో అదేమిటి?"

"ఈలండీ."

"మోగుతుందా?"

"మోగకపోతే ఈ చప్పుడులో వీళ్ళకు నేనెలా వినిపిస్తానండీ?"

"బాగుంది. మరి వాళ్ళు నీకెలా వినిపిస్తారు?"

ఈలక్క విస్తుపోయింది. "వాళ్ళు నాకు వినిపించడమెందుకండీ? చెప్పేదాన్ని నేను కదా!"

ఉతుకుడు విభాగం పెద్ద కిసుక్కున నవ్వబోయి దాన్ని దగ్గుగా మార్చుకున్నాడు. అతణ్ణి అందరూ ఉరుము అంటారు. గొంతు అలాంటిది. ఈలక్క కళ్ళెర్రజేసింది. పంతులమ్మ మాత్రం ఏమీ అననట్టే సంచిలోంచి కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

పాట సాధన దుప్పట్ల గదిలో. నేల నుంచి కప్పు దాకా మడతలు పేర్చిన అరలు. తలుపు మూస్తే యంత్రాల హోరు ఎక్కడో దూరంగా వినపడేది. ఒక్కో షిఫ్టు మారే వేళ, వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ కాసేపు కలిసి నిలబడేవారు. మొదటిరోజు పంతులమ్మ ఏ పాటా నేర్పలేదు. "మీ పని చప్పుడు మీరు నాకు నేర్పండి. నాకు కాదు, పక్క విభాగానికి," అంది.

మొదట సిగ్గు, తర్వాత గోల, ఆ తర్వాత పట్టపగ్గాల్లేవు! ఉరుము నోటితో ఉతికే యంత్రాన్ని తిప్పాడు: నీళ్ళు నిండటం, బరువెక్కటం, ఆగి వెనక్కి తిరగటం. ఇస్త్రీ వాళ్ళు ఆవిరి వదిలారు. మడతల బల్లకు ఇప్పుడు పెద్ద ఈలక్క మరదలు, సొంత తమ్ముడి భార్య. ఆవిడ అరచేత్తో తొడ మీద చరిచి, విదిలించి, దులిపి దుప్పటి మడత మొత్తం తాళంగా చేసి చూపించింది. తర్వాత తారుమారు. ఉరుము మడతలు నేర్చుకోవాలి, మరదలు యంత్రం తిప్పాలి.

"అన్నయ్యా, మధ్యలో యంత్రం ఆగుతుందేం? చెడిపోయిందా?" అంది మరదలు.

"ఆగదమ్మా, వెనక్కి తిరుగుతుంది. అలా తిరగకపోతే బట్టలన్నీ తాడులా పేనుకుపోతాయి."

"ఓహో! అందుకేనా ఒక్కోరోజు మాకు బట్టలు ముడులు పడి వస్తాయి? అన్నేళ్ళుగా మిమ్మల్ని తిట్టుకుంటున్నాం, నిర్లక్ష్యంగా గుంజారని!"

"మాకో మాట చెప్పొచ్చుగా! వెనక తిప్పుడు పాడైందని అప్పుడే తెలిసేది."

"ఎలా చెప్పాలి? ఈల నా దగ్గర లేదుగా?"

అందరూ గొల్లుమన్నారు. ఈలక్క కూడా నవ్వింది, కాస్త ఆలస్యంగా.

ఈ చప్పుళ్ళన్నిటినీ కలిపి పంతులమ్మ ఒక పాట కట్టింది. దాని కింద, తివాచీ పరిచినట్టు, అందరి గొంతులూ కలిసి ఒకే స్వరం పట్టుకుని ఉండాలి. తను ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచేంతసేపు అది తెగకూడదు. "ఇంతేగా!" అన్నారు. పట్టారు. పంతులమ్మ గది మధ్యకు రాకముందే, కత్తిరించినట్టు, ఒక్కసారిగా నిశ్శబ్దం. మళ్ళీ పట్టారు. మళ్ళీ అక్కడే తెగింది. ఎన్నిసార్లు చేసినా అంతే. అందరూ ఒకేసారి ఆగిపోవడం, గుండెనిండా గాలి పీల్చుకోవడం, మళ్ళీ అందరూ ఒకేసారి అందుకోవడం.

ఈలక్కకు ఒళ్ళు మండింది. "ఏమర్రా, తిండి తినడం లేదా? కాస్త బిగబట్టలేరూ?"

పంతులమ్మ కళ్ళు చికిలించింది. "ఉండమ్మాయ్. నాయనా ఉరుమూ, పాడుతున్నప్పుడు ఎటు చూస్తున్నావు?"

"అక్కవైపండి."

"నువ్వమ్మా?"

"వదినవైపే," అంది మరదలు.

అడిగిన ప్రతివాళ్ళదీ అదే జవాబు. "ఎందుకూ?"

ఉరుము తల గోక్కున్నాడు. "ఎందుకేమిటండీ, అక్క ఊపిరి తీసుకుంటే మేమూ తీసుకుంటాం. ముందే తీసుకుంటే ఊరుకోదుగా!"

ఆ గదిలో ఎంత నవ్వు పుట్టిందంటే అరల్లోంచి దిండు గలీబులు జారి కింద పడ్డాయి. ఇంత పెద్ద ఆసుపత్రిలో ఏ విభాగమూ చేయని తప్పు, ఒక్క లాండ్రీయే చేయగలిగిన తప్పు! మనుషులు ఊపిరి పీల్చుకోవడానికి కూడా అనుమతి కోసం చూస్తున్నారు, తాము చూస్తున్నట్టు తమకే తెలియదు.

పంతులమ్మ నవ్వలేదు. "ఇదిగో వినండి. పక్కవాడు పాడుతుండగా నువ్వు ఊపిరి తీసుకో. వాడికి ఊపిరి అయిపోతోందని నీకు అనిపిస్తే నువ్వు కాస్త గట్టిగా పట్టుకో, వాడు తీసుకుంటాడు. ఎవరు ఎప్పుడు ఆగారో బయట వినేవాడికి తెలియకూడదు. దీనికి కళ్ళు అక్కర్లేదు, పక్కన చెవి పెడితే చాలు." ఇటు తిరిగింది. "అమ్మాయ్, నువ్వు కాసేపు బయట నిలబడు."

"నేనా? నేను లేకుండానా?"

"ఆఁ, నువ్వు లేకుండానే."

ఈలక్క వరండాలోకి వెళ్ళి, తలుపు మూసుకున్నాక, గోడకానుకుని నిలబడింది. లోపల కాసేపు గుసగుసలు. తర్వాత స్వరం లేచింది. ఎక్కడ తెగుతుందో తెలుసు కనుక ఆవిడ అక్కడికి వచ్చేసరికి పిడికిళ్ళు బిగించింది. తెగలేదు! కొంచెం సన్నబడింది, అంతలో ఎవరిదో గొంతు కింద భుజం పట్టినట్టు ఎత్తుకుంది, మళ్ళీ నిండింది. అలలా కదులుతూ, ఎక్కడా ఆగకుండా అలాగే సాగిపోతోంది. ఉరుము గొంతును గుర్తుపట్టాలని చూసింది, కుదరలేదు. మరదలి గొంతు వెతికింది, దొరకలేదు. అన్నీ ఉన్నాయి, ఏదీ విడిగా లేదు. ఒళ్ళు జలదరించింది. ఇన్నేళ్ళూ మధ్యలోనే నిలబడి కూడా తను ఎన్నడూ వినని మనుషులు వీళ్ళు! తలుపు తోసుకుని లోపలికి పరుగెత్తి అందరినీ కావలించుకోవాలనిపించింది.

అడుగు వేయబోయి ఆగిపోయింది. ఎందుకంటే ఆ ఆనందం వెనకే ముల్లులా మరో ఆలోచన వచ్చి గుచ్చుకుంది. తను లేకుండా పాడగలిగినవాళ్ళు తను లేకుండా ఉతకలేరా? ఆరబెట్టలేరా? మరి ఇంటర్వ్యూలో తన చేతిలో ఉన్న ఒకే ఒక్క మాట ఏమవుతుంది?

ఆ సాయంత్రం భర్తకు జరిగింది చెప్పింది. ఆయన కంటికున్న భూతద్దం తీసి అన్నాడు: "నువ్వు గదిలో లేకపోతే వాళ్ళు బాగా పాడారు. అదేగా నీ బాధ?"

"బాధ కాదండీ. సంతోషమూ కాదు. రెండూ కలిసి ఉతికే యంత్రంలోలా గిరగిరా తిరుగుతున్నాయి."

"అయితే వెనక్కి తిరిగే టైము వచ్చిందన్నమాట. లేకపోతే పేనుకుపోతాయని నువ్వే కదా ఇప్పుడు చెప్పావు!"

"పోనిద్దురూ, అన్నీ మీకు పరాచికాలే." కానీ ఆవిడకు నవ్వొచ్చింది.

మర్నాడు ఈల మెళ్ళో లేదు. లాండ్రీ మొత్తం చేతులు కట్టుకుని నిలబడింది. ఉరుము ఆందోళనగా వచ్చి, "అక్కా, ఈల ఎక్కడైనా పడిపోయిందా? బట్టల్లో వెతికించమంటావా?" అన్నాడు.

"పడిపోలేదు. ఊదడం మానేశాను. ఎవరికి ఎప్పుడు ఏం కావాలో పక్కవాళ్ళనడగండి."

"అడిగితే చెబుతారా?"

"నిన్న పాడేటప్పుడు చెప్పారుగా?"

మొదటి రోజులు గందరగోళమే. తడిబట్టలు అటు పేరుకుపోయాయి, పొడిబట్టలు ఇటు కరువయ్యాయి. ఈలక్క నాలుక చివరిదాకా వచ్చిన కేకలు మింగుతూ, చేతులు వెనక్కి కట్టుకుని తిరిగింది. ఇంటర్వ్యూ దగ్గరపడుతుంటే ఏ వెర్రివాళ్ళయినా పట్టు సడలిస్తారా? కానీ ఆ స్వరం విన్న చెవి ఊరుకోనివ్వడం లేదు. విభాగాల వాళ్ళు ఒకరి దగ్గర ఒకరు పని నేర్చుకునేలా చేసింది. ఈలక్క కూడా నేర్చుకుంది. ఉతికే యంత్రం దగ్గర ఉరుము ఆవిణ్ణి, "అలా కాదక్కా, చెయ్యి నాకివ్వు," అని గదమాయిస్తుంటే మిగతావాళ్ళు పని మానేసి చోద్యం చూశారు. నెమ్మదిగా మాటలు పుట్టాయి. "ఇవి తడిగా ఉన్నాయి, ఇంకో తిప్పు తిప్పు." "ఇస్త్రీ ఖాళీ, పంపేయండి." యంత్రాల హోరులో కూడా దగ్గరకు వెళ్ళి చెబితే మాట వినిపిస్తుందని అందరూ కనుక్కున్నారు. అంత చిన్న సంగతి కనుక్కోవడానికి ఇన్నేళ్ళు పట్టింది!

ఇంటర్వ్యూ గది సరిగ్గా లాండ్రీకి పైన, మేడ మీద. నేల ఎప్పుడూ సన్నగా అదురుతుంటుంది. బల్లకు అటు సూపరింటెండెంటు, పరిపాలనాధికారి, మందుల స్టోర్సు అధికారి. ఇటు ఈలక్క, ఇస్త్రీ నలగని చీరలో. బల్ల మీద మూడు ఫోన్లు. మొదటి ప్రశ్న పూర్తికాకముందే స్టోర్సు అధికారి ఫోను మోగింది. ఆయన లేచి మూలకు వెళ్ళాడు. "తాళమా? నా సొరుగులో ఉంది. సొరుగు తాళం నా దగ్గరుంది. నేను వచ్చేదాకా ఎవరూ ఏమీ కదపకండి!" ఆయన కూర్చోగానే పరిపాలనాధికారిది మోగింది. "ఆ కాగితం నేను చూడందే వెళ్ళకూడదు. ఆపండి, వస్తున్నా." సూపరింటెండెంటు సైతం ఫోను పట్టుకుని రెండుసార్లు కిటికీ దగ్గరికి పోయి వచ్చాడు.

"కొత్త భవనానికి ఎంత బట్ట..." అని పరిపాలనాధికారి మళ్ళీ మొదలుపెట్టాడు. ఈలక్క ఆ ప్రశ్న వినలేదు. కాళ్ళకింద అదురులో ఒక పోగు తెగింది. ఇస్త్రీ రోలరు ఆగిపోయింది!

ఆవిడ చేతులు కుర్చీని పట్టుకున్నాయి. థియేటరులో పొద్దుటినుంచి ఆపరేషన్లున్నాయి. ఇప్పుడు పరుగెత్తి దిగిపోతే? వీళ్ళు ముగ్గురూ చూస్తారు, ఈవిడ లేకపోతే నడవదని మళ్ళీ అంటారు, ఉద్యోగం చేతిలో పడుతుంది. కూర్చుని ఉంటే? కింద వాళ్ళకు చేతకాకపోతే సర్జను మళ్ళీ గుమ్మంలో నిలబడతాడు, తన కథ ముగుస్తుంది. చేతనైతే తనెందుకని అడుగుతారు. ఎటు చూసినా గోడే. కాళ్ళు మాత్రం అప్పుడే లేవడానికి సిద్ధంగా ఉన్నాయి.

అంతలో కిటికీలోంచి వినిపించింది. ఉరుము గొంతు, ఉరమడం లేదు, అడుగుతోంది. మరదలి గొంతు జవాబు చెబుతోంది. డ్రమ్ము తలుపు తెరిచిన చప్పుడు, మళ్ళీ మూసిన చప్పుడు. దుప్పట్లను పక్కన పడేసి గౌన్లను ముందుకు తెచ్చారు, ఇస్త్రీ అక్కర్లేకుండా వేడివేడిగా డ్రమ్ములోంచే మడిచేస్తున్నారు. ఆ దులుపుడు తాళం ఆవిడకు తెలుసు. ఆ వెంటనే బండి చక్రాలు, ఏటవాలు దారి మీద థియేటరు వైపు పరుగో పరుగు. చేస్తున్నారు! ఈలక్క చేతులు కుర్చీని వదిలేశాయి. కళ్ళు మెరిశాయి.

సూపరింటెండెంటు ఫోను మోగింది. విని పెట్టేశాడు. "థియేటర్ సిస్టర్. కింద రోలరు ఆగిందట. గౌన్లు మాత్రం అనుకున్నదానికంటే ముందే చేరాయట. మీకు తెలుసా?"

"ఇందాకే తెలిసింది సార్. వినిపించింది."

పరిపాలనాధికారి కళ్ళజోడు సర్దుకున్నాడు. "అయితే ఇదొకటి తేలాలి సార్. ఈవిడ ఇక్కడ కూర్చుంది, అక్కడ పని నడిచింది. మరి ఇన్‌ఛార్జి ఎందుకు?"

ఎదురుచూసిన దెబ్బే. తగలగానే ఈలక్కకు నవ్వొచ్చింది, తనకే ఆశ్చర్యంగా. "నేను లేకపోతే ఆగిపోయినన్నాళ్ళూ నన్ను మెచ్చుకున్నారు సార్. ఇప్పుడు ఆగలేదు కనుక పొమ్మంటున్నారా? ఇందాక పరుగెత్తి ఉంటే ఉద్యోగం ఇచ్చేసేవారు. కానీ రేపు రోలరు ఆగితే మళ్ళీ నా మొహమే చూసేవాళ్ళు. కొత్త భవనానికి కొత్తవాళ్ళొస్తారు. వాళ్ళూ ఇలా ఒకరి పని ఒకరు అందుకునేదాకా తీసుకురావాలి. అది ఒక్కరోజులో అయ్యేది కాదు. అది నాకొచ్చు. మొన్నటిదాకా రాదు, ఇప్పుడొచ్చు."

స్టోర్సు అధికారి ఫోను మళ్ళీ మోగింది. ఆయన చెయ్యి చాచాడు.

"ఎత్తకండి," అన్నాడు సూపరింటెండెంటు.

"తాళం సార్..."

"తెలుసు."

నలుగురూ దాన్నే చూస్తూ కూర్చున్నారు. అది బల్ల మీద గింగిరాలు తిరిగి తిరిగి, అలిసిపోయి ఆగింది. సూపరింటెండెంటు తన ఫోను కూడా బోర్లించి, ఉన్నట్టుండి పగలబడి నవ్వాడు. "ఇంతసేపట్లో ఈ గదిలో కుర్చీలోంచి లేవని మనిషి ఈవిడొక్కతే! మనం ముగ్గురం కలిసి ఈవిణ్ణి పరీక్షిస్తున్నాం. రాయండి, స్థిరపరిచామని."

పరిపాలనాధికారి కలం తీశాడు. ఈలక్క కదల్లేదు. "ఇంకో మాట సార్. పాట సాధన డ్యూటీలోనే జరగాలి. షిఫ్టయ్యాక కాదు."

"ఏ శీర్షిక కింద చూపించమంటావమ్మా? పాటలని రాయనా?" అన్నాడు పరిపాలనాధికారి.

"శిక్షణ అని రాయండి. హోటల్లో అయితే అలాగే రాస్తారు కదా సార్!"

ఆ ఏడాది ఉత్తర్వులో నిజంగానే అలాగే రాశారు. "యావన్మంది" అన్న మాట పక్కన మొదటిసారిగా "లాండ్రీ సిబ్బందితో సహా" అన్న మూడు మాటలు చేరాయి. అంత చేర్చడానికి ఒక పరిపాలనాధికారి ఎన్ని నిట్టూర్పులు విడిచాడో లెక్కలేదు.

ఈలక్క మెట్లు దిగలేదు, దూకింది. లాండ్రీ తలుపు తోసేసరికి రోలరు పొట్ట విప్పి ఉంది. ఉరుము నూనె చేతులతో దాని కిందకు దూరి ఉన్నాడు, మరదలు దీపం పట్టుకుంది, ఇస్త్రీ వాళ్ళు కొత్త బెల్టు విప్పుతున్నారు. ఎవరూ తలెత్తలేదు.

"అర్రా! ఇచ్చేశారు!" అంది ఈలక్క, రొప్పుతూ.

"వదినా, నిజంగా!" అంది మరదలు. దీపం ఊగింది.

"దీపం, దీపం!" అని కిందనుంచి కేక. "అక్కా, సంతోషం. స్వీట్లు తర్వాత. ముందు ఆ బెల్టు కొస పట్టుకుని బిగించి లాగు. ఇంకా, ఇంకా... నువ్వు వదిలావంటే నా వేళ్ళు పోతాయి."

ఈలక్క కొంగు దోపుకుని, బెల్టు పట్టుకుని, కాలు తన్నిపెట్టి లాగింది.